లడ్డూ అనుకుంటే... మిరపకాయ!

మా ఇంటికి ఎవరొచ్చినా మొదట అనే మాట ‘అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!’ వెంటనే నేననే మాట ‘దయచేసి వేలు పెట్టకండి!’ నా మాట పూర్తయ్యేలోపే వేలు పెట్టేసినవాళ్లు ముగ్గురున్నారు. ముగ్గురికీ సబ్బుతో చెయ్యి కడిగించి, మందు రాసి, కాఫీ ఇచ్చి పంపించాను.

నేను చెబుతున్నది కాపలా కుక్క గురించి కాదండీ. పట్టుమని కిలో బరువు లేని మా గినీపిగ్ గురించి. దాని పేరు లడ్డూ. ఇంట్లో పిలిచేది మాత్రం మిరపకాయ అని. ఆ పేరెలా వచ్చిందో చెప్పాలంటే రెండు వేళ్లు, ఒక చీర కొంగు, బోలెడన్ని కన్నీళ్ల సంగతి చెప్పాలి.

2023 దసరా సెలవుల్లో మా పాప కుక్కపిల్ల కావాలని మొదలుపెట్టింది. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. మాది విజయవాడలో రెండో అంతస్తులో చిన్న ఇల్లు. నేనూ మావారూ పొద్దున వెళితే సాయంత్రానికి గానీ రాం. ఇంట్లో ఉండేది మా అత్తయ్య ఒక్కరే. కుక్క అంటే ఆవిడకి అస్సలు పడదు. బేరాలాడగా ఆడగా కుక్కపిల్ల కాస్తా గినీపిగ్ అయింది. ‘చాలా సాధువండీ, ఏమీ చెయ్యదు. రోజుకో క్యారెట్ ముక్క పడేస్తే చాలు’ అన్నాడు షాపతను. ఓ చిన్న వైరు బోనులో పెట్టి చేతికిచ్చాడు.

‘డబ్బులిచ్చి ఎలకని కొనుక్కొచ్చారా! మా ఊళ్లో అయితే డబ్బులిచ్చి పట్టించేవాళ్లం’ అన్నారు అత్తయ్య. గుండ్రంగా, పసుప్పచ్చగా ఉందని పాప లడ్డూ అని పేరు పెట్టింది. ఆ ముచ్చట సరిగ్గా ఒక రాత్రి ఉంది.

పళ్లు టకటకలాడితే...

మర్నాడు పొద్దున్నే పాప బోను తలుపు తీసి పైనుంచి చెయ్యి పెట్టింది. లడ్డూ మూలకి పోయి నక్కింది. పళ్లు టకటకలాడించింది. చలికి వణుకుతోందేమో పాపం అనుకున్నాం! ఆ చప్పుడుకి ‘దగ్గరికి రావద్దు’ అని అర్థమని తర్వాతెప్పుడో తెలిసింది. పాప ఇంకాస్త ముందుకి చెయ్యి చాచింది. అంతే, చూపుడు వేలు పట్టేసింది. రక్తం బొటబొటా కారింది.

పరుగున డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. గాయం శుభ్రం చేసి, టీటీ ఇంజక్షన్ ఇచ్చారు. ఇంట్లో బోనులోనే పెరిగే ఇలాంటి చిన్న ప్రాణులు కరిస్తే రేబిస్ భయం దాదాపు ఉండదని చెప్పాకే నా ప్రాణం కుదుటపడింది. అలాగని కరిచినప్పుడు డాక్టరుకి చూపించకుండా ఊరుకోకూడదు.

ఆ తర్వాత నా వంతు. బోను శుభ్రం చేయబోతే బొటనవేలు కొరికింది. ఓసారి తలుపు దగ్గర వేలాడుతున్న నా కొంగు పట్టుకుని చింపేసింది. మావారు చేతికి తోలు గ్లౌజు వేసుకుని పట్టుకోబోతే మరీ బెదిరిపోయి బోనంతా గిరగిరా తిరిగింది. ‘లడ్డూ కాదే అమ్మాయ్, పచ్చిమిరపకాయ’ అన్నారు అత్తయ్య. ఆ పేరే స్థిరపడిపోయింది.

వేలి గాయం నాలుగు రోజుల్లో మానింది. కానీ ఓ రాత్రి పక్కలో పడుకుని, ‘అమ్మా, నేనంటే దానికెందుకిష్టం లేదు? నేనేం చేశాను?’ అని వెక్కివెక్కి ఏడ్చింది పాప. ఏం చెప్పాలో తోచలేదు నాకు.

వెనక్కి ఇచ్చేద్దాం!

రెండు నెలలు చూసి, ‘ఇక లాభంలేదు, తిరిగిచ్చేద్దాం’ అన్నారు మావారు. నేనూ సరేనన్నాను. షాపుకి ఫోన్ చేస్తే, ‘కరిచేదాన్ని ఎవరు కొంటారండీ? సరే, తెచ్చి పడేయండి, చూద్దాం’ అన్నాడతను. ఆ ‘చూద్దాం’ అన్న మాట తీరు నాకు నచ్చలేదు. అక్కడికి తిరిగి వెళితే దాని గతేమిటో ఊహించుకోగలను. ఆ రాత్రి నిద్రపట్టక లేచి బోను దగ్గరికెళ్లాను. చీకట్లో వెనక కాలితో అదే పనిగా గోక్కుంటోంది. లైటు వేసి చూస్తే వీపు మీద రెండుచోట్ల జుట్టూడిపోయి, చర్మం పొట్టు రేగి ఉంది. ఇన్నాళ్లూ దాని పళ్లే చూశాం గానీ, ఒళ్లు చూసిన పాపాన పోలేదు!

మర్నాడు సెలవు పెట్టి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మొదట వెళ్లినచోట కుక్కలకీ పశువులకీ తప్ప చూడమన్నారు. రెండోచోట డాక్టరమ్మ ఓపిగ్గా చూశారు. చర్మాన్ని కొద్దిగా గీకి మైక్రోస్కోపు కింద పెట్టి, గజ్జి పురుగులున్నాయన్నారు. కంటికి కనిపించవు, చర్మంలోకి తొలుచుకుపోతాయి. గినీపిగ్‌లలో ఆ దురద ఎంత తీవ్రంగా ఉంటుందంటే, ముదిరితే ఫిట్స్ వచ్చినట్టు కొట్టుకుంటాయట. ‘ముట్టుకుంటే మంట పుడుతుంటే మీరైనా కసురుకోరా?’ అన్నారావిడ. తలదించుకున్నాను.

బరువు తూచి దానికి తగ్గ మోతాదులో మందిచ్చారు. కొన్ని రోజుల ఎడంతో మళ్లీ రెండుసార్లు రమ్మన్నారు. మనకి తెలిసిన మందులు ఇంట్లో ఉన్నాయి కదా అని వేయొద్దని మరీమరీ చెప్పారు. మనం మామూలుగా వాడే అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్స్ వీటి ప్రాణానికే ముప్పు.

ఆవిడ చెప్పిన ఇంకో సంగతి విని ఆశ్చర్యపోయాను. గినీపిగ్‌లు కూడా మనలాగే సి విటమిన్‌ని శరీరంలో తయారు చేసుకోలేవు. తిండి ద్వారానే అందాలి. కిలో బరువుకి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. అది అందకపోతే కీళ్లు వాచి, చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది. అలాంటప్పుడు ఎత్తుకుంటే నొప్పితో కరవక ఏం చేస్తుంది? మేమేమో షాపతను చెప్పినట్టు క్యారెట్లే పెడుతున్నాం. వాటి అసలు తిండి గడ్డి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి నమిలి అరగదీసుకోవడానికి ఎండుగడ్డి రోజంతా అందుబాటులో ఉండాలి. దాంతోపాటు రోజూ కాస్త క్యాప్సికం, కొత్తిమీర, మందులు కొట్టని గరిక. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప మాత్రం పెట్టకూడదు.

వైరు అడుగున్న బోనూ మార్పించారు. ఆ తీగల మీద నడిస్తే పాదాలు పుళ్లు పడతాయి. కనీసం 7, 8 చదరపు అడుగుల చోటుండాలి. హాల్లో ఓ మూల చెక్కలతో గూడు కట్టించి, నేల మీద పాత దుప్పటి పరిచాం. రెండువైపులా దారి చేసిన అట్టపెట్టె ఒకటి దాక్కోవడానికి పెట్టాం.

అత్తయ్య గెలిచారు

మూడు వారాల్లో జుట్టు మొలవడం మొదలైంది. గోక్కోవడం తగ్గింది. కరవడం మాత్రం పూర్తిగా మానలేదు. ఒంటి బాధ తగ్గినా భయం పోలేదు మరి!

ఆ భయానికి కారణముంది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో వీటిని వేల ఏళ్ల కిందటే మచ్చిక చేశారు. ఒళ్లో పెట్టుకుని ముద్దు చేయడానికి కాదు, మాంసం కోసం! పెరూలో ఇప్పటికీ తింటారు. పేరుకి పందే గానీ పంది జాతి కాదు. మచ్చిక అయినా వేటాడే జంతువుల భయం వీటి రక్తంలోంచి పోలేదు. కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ ఏం కదిలినా కనిపిస్తుంది గానీ సరిగ్గా ముక్కు ముందున్నది కనపడదు. పైనుంచి దిగే మన చెయ్యి వాటికి గద్దతో సమానం. పారిపోవడానికి దారి లేకపోతే చివరి ఆయుధం పళ్లే.

ఇదంతా చదివి నేనూ పాపా రోజూ గూటి ముందు కూర్చుని ‘రా బంగారం, రా’ అని బతిమాలేవాళ్లం. అది చూసేది కూడా కాదు. అత్తయ్య మాత్రం దాని జోలికే వెళ్లేవారు కాదు. సాయంత్రం పూట హాల్లో నేలమీద కత్తిపీట వేసుకుని, టీవీ చూస్తూ కూరలు తరుక్కునేవారు. ఓ రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి గూడు తలుపు తెరిచి ఉంది. అత్తయ్య చేటలోని కొత్తిమీర కాడలు ఒక్కొక్కటే లాక్కుని తింటోంది మిరపకాయ! ఆవిడ దానివంక చూడటం లేదు. కత్తిపీట మాత్రం దూరంగా జరిపి పెట్టారు.

‘ఏం చేశారు అత్తయ్యా?’ అనడిగితే, ‘నేనేం చేశానే? తలుపు తీశాను, నా పని నేను చూసుకుంటున్నాను. కొత్తచోటికొచ్చిన పిల్ల చుట్టూ పదిమందీ చేరి మీద చేతులేస్తుంటే దానికి ఊపిరాడుతుందా? నువ్వు కాపురానికొచ్చిన కొత్తలో వంటింట్లోంచి బయటికొచ్చావా? మాట్లాడితే కళ్లనీళ్లు పెట్టుకునేదానివి. నేనేమన్నా అన్నానా?’ అన్నారు.

నిజమే, ఆవిడ ఏమీ అనలేదు. రోజూ టిఫిను ప్లేటు నా పక్కన పెట్టి వెళ్లిపోయేవారు. అప్పట్లో అది నిర్లక్ష్యం అనుకున్నాను. ఇన్నేళ్లకి, ఒక గినీపిగ్ పుణ్యమా అని అసలు సంగతి అర్థమైంది.

మేమూ ఆ దారే పట్టాం. నేలమీద కూర్చోవడం, దానివంక చూడకుండా హోంవర్కు చేసుకోవడం, పక్కన కొత్తిమీర పెట్టుకోవడం. మొదట దూరంగా, తర్వాత మోకాలి పక్కన, ఆ తర్వాత అరచేతిలో. పళ్లు టకటకలాడిస్తే చెయ్యి కదపకుండా ఆగిపోవడం. కరిచినా అరవకపోవడం, కొట్టకపోవడం. గూడు శుభ్రం చేసేటప్పుడు చేత్తో పట్టుకోకుండా, అట్టపెట్టెలోకి దానంతటది దూరాక పెట్టెతో సహా ఎత్తడం. ఒకవేళ ఎత్తుకోక తప్పకపోతే ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకోటి వెనక కాళ్ల కింద పెట్టాలి. పాపకి అరచేతిలో కాడ అందుకోవడానికి సరిగ్గా నాలుగు నెలలు పట్టింది.

ఎండలు... ఓ తోడు

2024 మే నెల ఎండలు దానికి మరో పరీక్ష. 27, 28 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది పడే ప్రాణికి మన బెజవాడ ఎండ సంగతి చెప్పాలా! వడదెబ్బకి గంటల్లో ప్రాణం పోతుంది. కిటికీకి వట్టివేళ్ల తడికలు కట్టి తడిపాం. నీళ్లసీసా గడ్డకట్టించి, తుండుగుడ్డ చుట్టి గూట్లో పెడితే దానికి ఆనుకుని పడుకునేది. మధ్యాహ్నాలు అత్తయ్యతోపాటు గచ్చు మీద ఫ్యాను కిందే దాని కాపురం.

ఇంకో లోటుందని కూడా అప్పటికి తెలిసింది. ఇవి గుంపుగా బతికే జీవాలు. స్విట్జర్లాండ్‌లో 2008లో వచ్చిన జంతు సంరక్షణ నిబంధనల ప్రకారం గినీపిగ్‌ని ఒంటరిగా పెంచడం కుదరదు. తెలిసినవాళ్లింట్లో పుట్టిన ఓ మగపిల్లని తెచ్చి బూందీ అని పేరు పెట్టాం. మూడు వారాలు వేరే గదిలో ఉంచి, జబ్బేమీ లేదని తేలాక గూళ్లు పక్కపక్కన పెట్టి, చివరికి ఇద్దరికీ కొత్తదైన చోట వదిలాం. కాసేపు గుర్రుగుర్రులు, పళ్ల టకటకలు. వారానికల్లా ఒకే గడ్డికుప్పలో పడుకోవడం! అందరికీ ఇలా కుదరాలని లేదు. ఎదిగిన మగవి రెండూ గాయాలయ్యేలా కొట్టుకుంటే విడదీయాల్సిందే.

తెచ్చుకునేముందు...

పిల్లలడిగారని గినీపిగ్‌ని కొనాలనుకునే అమ్మలకి నా మాట ఒకటే. ఇది ఆటబొమ్మ కాదు. 5 నుంచి 8 ఏళ్లు బతుకుతుంది. రోజూ గడ్డి, కూర, శుభ్రం చేసే పని తప్పవు, అవి చివరికి మన మీదే పడతాయి. మీ ఊళ్లో వీటికి వైద్యం చేసే డాక్టరున్నారో లేదో ముందే కనుక్కోండి. ఉన్నట్టుండి కరవడం మొదలుపెడితే పొగరనుకోకండి, ముందు ఒళ్లు చూడండి, డాక్టరుకి చూపించండి. ఏ బాధా లేకపోయినా కొన్నిటికి ఎత్తుకోవడం జీవితాంతం నచ్చదు.

మాది ఆ రకమే. ఇప్పటికీ ఎత్తుకోబోతే పళ్లు టకటకలాడుతుంది. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే మాత్రం కుయ్ కుయ్‌మని ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. సంతోషం పట్టలేకపోతే వేయిస్తున్న పేలాల్లా గాల్లోకెగురుతుంది.

మొన్న ఆదివారం పాప నేలమీద బోర్లా పడుకుని లెక్కలు చేసుకుంటోంది. మిరపకాయ మెల్లగా వచ్చి, దాని మోచేతికి ఆనుకుని కూర్చుంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ‘ఎత్తుకుంటావా?’ అని సైగ చేశాను.

‘ఎందుకమ్మా? అదే వచ్చిందిగా!’ అంది గుసగుసగా, పెన్సిలు కూడా కదపకుండా.