అడవియింట అతిథి ధర్మము

అతిథిని దైవముగా భావింపుమను మాట మన పిల్లలు చిన్ననాటనే విందురు. అది గృహస్థునకు చెప్పిన నీతి. అతిథికిని ఒక ధర్మము కలదను సంగతి మాత్రము విహారయాత్రలు పెరిగిన ఈ దినములలో మరుగుపడుచున్నది. పరుల యింట అడుగిడినవాడు ఎట్లు మెలగవలెనో నేర్చుకొనుటకు నాగర్‌కర్నూలు జిల్లాలోని నల్లమల తగిన తావు.

అచ్చంపేట దాటి శ్రీశైలము దారిలో మన్ననూరు చేరగానే అమరాబాదు పులుల అభయారణ్యము ఎదురగును. దాని విస్తీర్ణము 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడినది. ఫరహాబాదు వద్ద వాహనములెక్కి అడవి చూడవచ్చువారి కన్ను పులికై వెదకును. కాని ఆ యడవి తరతరములుగా చెంచులకు ఇల్లు. వారి నివాసములను పెంటలందురు. తేనె, దుంపలు, ఇప్పపువ్వు వారి బ్రదుకుతో పెనవైచుకొన్నవి. అడవిని కాచు గారెల మైసమ్మ వారి వేలుపు. అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని పెండ్లాడి వారికి అల్లుడైనాడని ప్రతీతి. 1940 ప్రాంతమున ఆస్ట్రియాదేశపు మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ ఈ కొండలలో వారి నడుమ నివసించి వారి జీవితమును పరిశీలించెను. ఆ పరిశీలనా గ్రంథము 1943లో వెలువడినది.

చైత్ర పూర్ణిమకు సలేశ్వరము జాతర జరుగును. వేలాది జనులు రాళ్లదారిని లోయలోనికి దిగి, జలపాతము చెంత గుహలోని లింగమును దర్శింతురు. అచ్చటి పూజారులు చెంచులే. ఆ కొలదిదినములు చెంచు గృహస్థు, ఊరివాడు అతిథి. పూజారి యెదుట తలవంచిన ఆ యాత్రికుడే తిరుగుదారిలో పెంటవద్ద ఆగి, గుడిసెలోనికి తొంగిచూచి, అడుగకయే ఛాయాచిత్రము తీసి, ముసలివానిచే విల్లు పట్టించి నిలుచుండుమన్నచో ఆ భక్తి ఏమైనట్లు? గుడిలో దొరికిన గౌరవము గుడిసె ముంగిట దొరకవలదా?

ఇది సామాన్యవిషయము కాదు. అండమాను దీవులలో జారవా స్త్రీలను పర్యాటకుల వినోదమునకై ఆడించిన దృశ్యములు 2012లో వెల్లడియై దేశమునకు తలవంపులు తెచ్చినవి. భూగోళపు ఉత్తరపుటంచున ఫిన్లండులో నివసించు సామీజాతివారు తమ సంప్రదాయ వస్త్రములను పరులు ధరించి వ్యాపారము చేయుటకు నొచ్చుకొనిరి. వారి పార్లమెంటు 2018లో పర్యాటకమునకు నీతినియమములను ఏర్పరచినది. ఇంట చూపదగినదేదో, చూపరానిదేదో నిర్ణయించు హక్కు ఇంటివారిదే యనుట వాని సారము.

చెంచులను ప్రభుత్వము మిక్కిలి దుర్బలమైన గిరిజనసమూహములలో ఒకటిగా గుర్తించినది. అడవిపై అట్టివారి హక్కులను 2006నాటి చట్టము అంగీకరించినది. అయినను పులుల రక్షణకై కొన్ని ఆవాసములను వెలుపలికి తరలించు యత్నములు సాగుచున్నవి. చూడవచ్చినవాని వాహనము లోనికి పోవుచుండగా, పుట్టినవానికి వెలుపలి దారి చూపుట ఎంతవరకు న్యాయమో విద్యార్థులు తరగతిలో చర్చింపదగిన ప్రశ్న.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఉపాధ్యాయులు నల్లమలయాత్రకు ముందు ఒక గంట ఈ పాఠమునకు కేటాయింపవలెను. పిలువని గుడిసెలోనికి పోరాదు. అనుమతిలేక చిత్రము తీయరాదు. పిల్లలకు మిఠాయిలు, నాణెములు విసరరాదు. ఆడుమని, పాడుమని కోరరాదు. తేనె కొన్నచో గీచిగీచి బేరమాడక తగిన వెల నీయవలెను. తెచ్చిన చెత్త తిరిగి తీసికొనిపోవలెను. తోటి విద్యార్థులలో చెంచుబాలుడున్నచో అతనిని వింతగా చూడక, అడవిని గూర్చి అతడు చెప్పుమాటలను శ్రద్ధతో వినవలెను.