ఆ డగ్‌డగ్ ఎక్కడ పుడుతుంది?

నేరేడుచర్లలో మా నాన్న 1986 నాటి బుల్లెట్ స్టార్టయిందంటే రెండు వీధుల అవతలికి తెలిసిపోయేది. ఇప్పుడు ఆ బండి నాది. సాగర్ ఎడమ కాలువ కింద పచ్చగా పరుచుకున్న పొలాల మధ్య, మిర్యాలగూడ రోడ్డు మీద టాప్ గేరులో నెమ్మదిగా పోతుంటే ఆ సుఖమే వేరు. ఇంటికొచ్చి చూస్తే మడ్‌గార్డుకు ఒక నట్టు ఉండదు! ఆ సుఖమూ ఈ చికాకూ పుట్టేది ఒక్కచోటే, ఆ ఒంటి సిలిండర్లో.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైన నాటి నుంచి దశాబ్దాల పాటు 350 బుల్లెట్ కొలతలు మారలేదు. సిలిండర్ వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 90. క్రాంకు రెండు చుట్లు తిరిగితే పెట్రోలు మండేది ఒక్కసారే. మిగతా సమయమంతా బరువైన ఫ్లైవీల్ తన ఊపుతో ఇంజన్‌ను లాక్కుపోవాలి. నిలబెట్టిన బండిలో నిమిషానికి 1000 చుట్లంటే 500 పేలుళ్లు, సెకనుకు ఎనిమిది. సెకనుకు ఇరవై లోపు దెబ్బలను మన చెవి విడివిడిగా వింటుంది. అంతకు మించితే అవి కలిసిపోయి ఒకే స్వరమవుతాయి. అదే వేగంలో నాలుగు సిలిండర్ల ఇంజన్ సెకనుకు 33 సార్లు మండుతుంది. అందుకే అది రొద పెడుతుంది, ఇది డగ్‌డగ్ అంటుంది.

ఆ ఒంటి పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకుంటుంటే బండి అదరక తప్పదు. వేగం రెట్టింపైతే ఆ అదురుకు కారణమైన బలం నాలుగింతలవుతుంది. నట్టును పట్టి ఉంచేది మరల మధ్య రాపిడే. అదురుకు బిగించిన రేకులు అటూ ఇటూ జరిగితే ఆ పట్టు సడలి నట్టు తనంతట తానే తిరుగుతుందని 1969లో జర్మన్ ఇంజనీరు యుంకర్ ప్రయోగం చేసి చూపించాడు. నేను మడ్‌గార్డుకు లోపల నైలాన్ రింగున్న నట్లు వేశాను, అప్పటి నుంచి ఒక్కటీ పోలేదు.

కిక్ సంగతి వేరు. తాళం తిప్పి, కిక్‌ను మెల్లగా నొక్కుతూ అమ్మీటర్ ముల్లును చూడాలి. ఇగ్నిషన్ పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ స్పార్కునిచ్చే కాయిల్‌కు కరెంటు పారుతుంది, ముల్లు పక్కకు వాలుతుంది. అవి విడగానే మధ్యకొస్తుంది. కాలికి బిగువు తగిలి ముల్లు మధ్యకొచ్చిందంటే పిస్టన్ పైఅంచుకు చేరినట్టే. అప్పుడు డీకంప్రెషర్ నొక్కి గాలి వదిలి, కిక్‌ను ఇంకాస్త దించాలి. ఇక కిక్‌ను పైకి రానిచ్చి నిండుగా కొడితే, మళ్లీ బిగువు తగిలేలోపు ఫ్లైవీల్‌కు దాదాపు రెండు చుట్ల ఊపు దొరుకుతుంది.

ఒకసారి తొందరలో ముల్లు చూడకుండా అరకొరగా కొట్టాను. స్పార్కు పడేది పిస్టన్ పైకి చేరడానికి కాస్త ముందే. ఊపు చాలకపోతే పేలుడు దాన్ని వెనక్కి తోస్తుంది, కిక్ ఎదురు తంతుంది. వారం రోజులు పాదం నేల మీద మోపలేకపోయాను.

2021లో వచ్చిన కొత్త క్లాసిక్ 350లో అదురును తగ్గించడానికి ఎదురు బరువున్న షాఫ్టు పెట్టారు. పిస్టన్ నడక ఇప్పటికీ పొడుగే, 85.8 మిల్లీమీటర్లు. బటన్ నొక్కితే చాలు. మా అమ్మాయి మాత్రం పాత బండి మీదే నేర్చుకుంటానంటోంది. పొద్దున్నే పక్కన నిలబడి చెబుతుంటాను: "ముల్లు చూడమ్మా. ఆగు. మధ్యకు రానీ. ఇప్పుడు కొట్టు."