గొయ్యి ఒకటి, గుట్ట ఒకటి

శుక్రవారం పొద్దున బహ్రెయిన్‌లో మా ఇంట్లో ఫోన్ మోగిందంటే అది ఇండియా నుంచే. ఆరోజు మాకు సెలవని అక్కడ అందరికీ తెలుసు. కిందటేడు అలాంటి ఒక శుక్రవారం మా బావమరిది ఫోన్ చేశాడు. బేతంచెర్ల వైపు 2 హెక్టార్ల బండల గని లీజుకు వస్తోందనీ, ముగ్గురు కలిసి తీసుకుంటున్నారనీ, నాలుగో వాటా నాదైతే బాగుంటుందనీ సారాంశం. "చిన్న గనే బావా. ఐదెకరాలు కూడా నిండా లేదు. దాంతో ఊరికేమవుతుంది?" అన్నాడు, నేను అడగకముందే.

నేను చదివింది సివిల్ ఇంజనీరింగు, ఇరవై ఏళ్ళుగా చేస్తున్నది సాఫ్ట్‌వేర్. గనుల గురించి నాకు తెలిసింది తక్కువ. కానీ ఆ నేల పక్కనే మా పిన్నికి వేరుశనగ చేను ఉంది, అందులో ఒక బోరు ఉంది. అందుకని వెంటనే అవుననలేదు, కాదనలేదు. ఒక నెల గడువడిగాను. ఆ నెలలో చదివినదీ, లెక్క వేసుకున్నదీ, తెలిసినవాళ్ళను అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. దూరాన ఉండి సొంతూళ్ళలో డబ్బు పెట్టే మనలాంటి వాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు పనికిరావచ్చు.

ఏ రాయి ఇది?

దుకాణాల్లో "బేతంచెర్ల మార్బుల్" అని అమ్ముతారు గానీ, మన ఇళ్ళలో పరిచే నాపబండ నిజానికి సున్నపురాయి. పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టే బండలుగా లేస్తుంది. అదే సున్నపురాయి భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ మారిపోయి కొత్తగా స్ఫటికాలు కడితే చలువరాయి, అంటే మార్బుల్ అవుతుంది. రెండింటిలోనూ ముఖ్యమైన పదార్థం కాల్షియం కార్బొనేటే. రెండింటినీ నేల మీద తెరిచిన గోతుల్లోంచే తీస్తారు. కాబట్టి ఒకదాని గురించి చెప్పుకున్నది చాలావరకు రెండోదానికీ వర్తిస్తుంది. బేతంచెర్ల అప్పట్లో కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా.

బహ్రెయిన్‌లో చలువరాయి లేదు. ఇక్కడి ఇళ్ళలో మెరిసే నేలలన్నీ ఓడల్లో వచ్చినవే. ఉన్నది సున్నపురాయి. సెలవు రోజుల్లో పిల్లలను తీసుకెళ్ళే బహ్రెయిన్ కోట, 2005లో ప్రపంచ వారసత్వ స్థలమైన కోట, ఆ రాయితోనే కట్టింది. దానికి దగ్గర్లోనే సుమారు ఐదు వేల ఏళ్ళ నాటి బార్బార్ గుడి శిథిలాలున్నాయి. అక్కడి రాళ్ళు పడమటి తీరంలోని జిద్దా అనే చిన్న దీవి నుంచి తెచ్చారని పరిశోధకుల అభిప్రాయం. గుడి చూడటానికి బస్సుల్లో జనం వస్తారు. రాయినిచ్చిన దీవి పేరు చాలామందికి తెలియదు. మధ్యలో కొన్ని దశాబ్దాలు దాన్ని జైలుగా కూడా వాడారు.

ఇక ఈ దేశపు చెత్త అంతా వెళ్ళేది అస్కర్ దగ్గరి డంపింగ్ స్థలానికి. అది పాత క్వారీల ప్రాంతం. తవ్వి వదిలేసిన గొయ్యి ఖాళీగా ఉండదు. దాన్ని ఏం చేయాలో మనం ముందే అనుకోకపోతే, ఎవరికి ఏది వదిలించుకోవాలనిపిస్తే అది వచ్చి అందులో పడుతుంది. మా బావమరిది గొయ్యి గురించి ఆలోచించినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది అదే.

లీజు గోతికి, మరి గుట్టకు?

గని పని చెప్పడానికి తేలికే. ముందు పై మన్ను తీస్తారు. తర్వాత రాతిని మెట్లు మెట్లుగా తవ్వుతూ దిగుతారు. చలువరాయి గనుల్లో వజ్రపు ముక్కలు పొదిగిన తీగతో పెద్ద దిమ్మెలుగా కోస్తారు. నాపరాయి గనుల్లో రంపపు చక్రాలున్న యంత్రంతో గీతలు గీసినట్టు కోసి, గడ్డపారలతో పొర లేపుతారు. మందుగుండు పెట్టి పేల్చితే రాయి లోపల బీటలు వారి బండ పాడవుతుంది. కనుక కంకర క్వారీతో పోలిస్తే ఇక్కడ పేలుళ్ళ బెడద తక్కువ.

తక్కువ కానిది వ్యర్థం. ఇళ్ళకు పనికొచ్చే బండ కావాలంటే పగుళ్ళుండకూడదు, మందం సమంగా ఉండాలి, అంచు విరగకూడదు. ఇలా ఏరుకుంటూ పోతే ఈ రకం గనుల్లో తవ్విన రాయిలో సగానికి పైగా పక్కన పారేయడం మామూలు. ఒక చిన్న లెక్క చేద్దాం. లెక్క తేలికగా ఉండటానికి గోతి గోడలు నిటారుగా ఉన్నాయనుకుందాం. 2 హెక్టార్లంటే 20,000 చదరపు మీటర్లు. 10 మీటర్ల లోతు తవ్వితే 2 లక్షల ఘనపు మీటర్ల రాయి. అందులో సగం వ్యర్థమనుకుంటే లక్ష. అయితే పగిలిన రాయి ముక్కల మధ్య ఖాళీలుంటాయి కాబట్టి ఉబ్బుతుంది. నూటికి నలభై వంతులు పెరిగిందనుకున్నా 1 లక్షా 40 వేల ఘనపు మీటర్లు. దాన్ని 10 మీటర్ల ఎత్తున గుట్టగా పోస్తే, చుట్టూ వాలు కూడా కలుపుకుని, దాదాపు ఒకటీ ముప్పావు హెక్టారు నేల కావాలి.

అంటే గొయ్యి ఎంత జాగా తీసుకుంటుందో గుట్ట కూడా దాదాపు అంతే జాగా అడుగుతోంది. ఈ లెక్క చూసుకున్న రోజు రాత్రి బావమరిదికి ఫోన్ చేసి, "లీజు గోతికి తీసుకుంటున్నారు, మరి గుట్ట ఎక్కడ పోస్తారు?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "అందరూ రోడ్డు పక్కనే పోస్తారు బావా" అన్నాడు. నిజమే. బేతంచెర్ల దారిలో వెళ్ళిన వాళ్ళెవరికైనా ఆ గుట్టలు తెలుసు. వాన పడితే వాటి మీది మట్టీ పొడీ కొట్టుకొచ్చి పక్క చేలల్లో చేరతాయి, వాగులో నీళ్ళు పోయే దారి మూసుకుపోతుంది.

నీళ్ళ సంగతి

సున్నపురాయి గట్టిగా కనిపిస్తుంది గానీ, నీటి విషయంలో నమ్మదగినది కాదు. వాననీరు దాని పగుళ్ళలోకి దిగి, కొద్దికొద్దిగా కరిగిస్తూ దారులు చేసుకుంటుంది. ఎంత పెద్ద దారులో చూడాలంటే అదే నంద్యాల జిల్లాలోని బెలుం గుహలకు వెళ్ళాలి. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహలు నీళ్ళు సున్నపురాయిలో తొలుచుకున్నవే. అలాంటి నేలలో గొయ్యి భూగర్భ జలమట్టం కిందికి దిగితే, గోతిలోకి ఊరే నీటిని మోటార్లతో తోడాల్సి వస్తుంది. ఏ పగులు ఏ బోరుకు పోతుందో పైనుంచి కనబడదు. ఇక్కడ తోడితే అక్కడెక్కడో బోరు ఎండవచ్చు. మా పిన్ని బోరు ఆ గనికి రెండు వందల మీటర్ల లోపే ఉంది.

దీనికి మందు కష్టమైనది కాదు, ఓపిక కావాలి. తవ్వకం మొదలవకముందే చుట్టుపక్కల బోర్లలో నీటిమట్టం ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ కొలిచి రాసి పెట్టుకోవాలి. గోతి అడుగు ఎండాకాలపు మట్టానికే కాదు, వానల తర్వాత పైకొచ్చే మట్టానికి కూడా పైనే ఆగాలి. చుట్టూ కాలువ తీసి వాననీటిని గోతిలోకి రానివ్వకుండా మళ్ళించాలి. ఆ కాలువ చివర ఒక గుంట తవ్వి, మట్టి పేరుకున్నాకే నీటిని వాగులోకి వదలాలి.

రెండో సంగతి రాతి బురద. రాయిని కోసేటప్పుడూ పాలిష్ పట్టేటప్పుడూ రంపం వేడెక్కకుండా నీళ్ళు పోస్తారు. ఆ నీళ్ళు రాతిపొడితో కలిసి చిక్కని బురదవుతాయి. కాల్షియం కార్బొనేట్ విషం కాదు. ఇబ్బందంతా ఆ పొడి సన్నదనంలో ఉంది. నేల రంధ్రాలను పూడ్చేస్తుంది, నీరు ఇంకదు. ఎండితే గాలికి లేచి ఆకుల మీద పొరలా కూర్చుంటుంది. ఇటలీలోని కర్రారాలో రోమన్ల కాలం నుంచి చలువరాయి తీస్తున్నారు. అక్కడ వాన పడితే వాగులు పాలలా పారతాయి. ఆ బురదకు వాళ్ళు మార్మెట్టోలా అని ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారు. రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో మార్బుల్ ఫ్యాక్టరీల బురద పోసిన స్థలం తెల్లటి మంచు మైదానంలా తయారైంది. జనం అక్కడికి పెళ్ళి ఫొటోలు తీయించుకోవడానికి వెళ్తున్నారు! ఫొటోలో అందంగానే ఉంటుంది. దాని కింద ఉన్నది మాత్రం గడ్డి మొలవని నేల.

చిన్న గనికి ఇక్కడ చేయదగిన పని ఉంది. వరుసగా మూడు తొట్లు కట్టి, బురదను ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నిలకడగా పారిస్తే పొడి అడుగున దిగుతుంది. పైన తేరిన నీటిని మళ్ళీ రంపానికే వాడుకోవచ్చు. నీళ్ళ ఖర్చు కూడా తగ్గుతుంది. అడుగున మిగిలిన పొడిని ఇటుకలకో, రోడ్ల కింద నింపడానికో ఇవ్వవచ్చు.

దుమ్ము, మనుషులు

గ్రానైట్‌లో స్ఫటికపు సిలికా ఎక్కువ. ఆ దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. స్వచ్ఛమైన చలువరాయిలో సిలికా తక్కువ. నాపరాయిలో కొంత ఉండవచ్చు. కాబట్టి "ఇది గ్రానైట్ కాదులే" అని ఊరుకోకూడదు. మూతికి గుడ్డ కట్టుకోమనడం చివరి జాగ్రత్త. మొదటి జాగ్రత్త దుమ్ము లేవకుండా చూడటం. కోసేచోటా రంధ్రాలు వేసేచోటా నీళ్ళుండాలి, లారీల దారి తడపాలి.

వదిలేసిన గోతులు ఇంకో ప్రమాదం. వాననీరు నిండి, గోడలు నిటారుగా ఉండి, ఒకసారి దిగితే ఎక్కడానికి పట్టు దొరకదు. ఈతకు దిగే పిల్లలకూ, నీళ్ళ కోసం వెళ్ళే పశువులకూ అవి యమపాశాలు. కంచె గని నడుస్తున్నప్పుడే కాదు, ఆపేశాక కూడా ఉండాలి.

చిన్న గని, పెద్ద లెక్క

"చిన్నదానికి పర్మిషన్లు అక్కర్లేదు" అన్నది మా బావమరిది రెండో మాట. ఒకప్పుడు అందులో కొంత నిజముంది. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం 5 హెక్టార్ల లోపు గనులకు పర్యావరణ అనుమతి అవసరం ఉండేది కాదు. దాంతో చాలాచోట్ల పెద్ద స్థలాలను చిన్న ముక్కలు చేసి లీజులిచ్చారు. 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్, హర్యానా రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు ఆ దారి మూసింది. 5 హెక్టార్ల లోపు చిన్నతరహా ఖనిజాల లీజులకూ, వాటి పునరుద్ధరణకూ పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనంది. 2016లో వచ్చిన సవరణ ఇంకో అడుగు ముందుకేసింది. ఒకే రకం ఖనిజమున్న చోట 500 మీటర్ల లోపు దూరంలో ఉన్న లీజులను ఒక గుంపుగా లెక్కించమంది. సబబే కదా! గని ఒక్కటే చూస్తే చిన్నది. పక్కన పది ఉంటే వాగుకూ బోరుకూ అవన్నీ కలిసి ఒక్క పెద్ద గనే.

గుట్టే గోతికి మందు

ఇందాకటి లెక్కకు మళ్ళీ వద్దాం. గొయ్యి 2 లక్షల ఘనపు మీటర్లు, వ్యర్థం 1 లక్షా 40 వేలు. అంటే గుట్టనంతా తిరిగి గోతిలో వేస్తే నూటికి డెబ్భై వంతులు నిండుతుంది. 10 మీటర్ల లోతు కాస్తా, రాయి కొంత అణిగాక, మూడు నాలుగు మీటర్లకు వస్తుంది. పిల్లలను మింగే గొయ్యి కాకుండా, వాలు గట్లున్న చిన్న కుంట అవుతుంది. మొదట్లో తీసిన పై మన్నును విడిగా దాచి ఉంచితే దాన్ని గట్ల మీద పరిచి వేప, కానుగ మొక్కలు పెట్టవచ్చు.

ఇది చివర్లో చేద్దామంటే జరగదు. చివర్లో రాయి ఉండదు, రాబడి ఉండదు, డీజిల్‌కు డబ్బుండదు. గనిని రెండు భాగాలు చేసి, మొదటి సగం పూర్తిగా తవ్వాక, రెండో సగం వ్యర్థాన్ని నేరుగా మొదటి గోతిలో వేయాలి. మొదటి సగం వ్యర్థానికి మాత్రం తాత్కాలికంగా చోటు కావాలి. ఆ చోటు కూడా లీజు కాగితంలోనే ఉండాలి. ప్రతి లోడు అమ్మినప్పుడూ పూడికకని కొంత సొమ్ము వేరే ఖాతాలో పడాలి. చిన్న గని యాజమాన్యమంటే నాకర్థమైనంతవరకు ఇంతే. మూసే పద్ధతి తేలాకే తెరవాలి.

బావమరిదికి ఐదు ప్రశ్నలు రాసి పంపాను. గుట్ట ఎక్కడ? నీటిమట్టం ఎంత? బురద తొట్లు ఎవరు కడతారు? అనుమతి ఎవరి పేరున? పూడిక డబ్బు ఏ ఖాతాలో? అతనికి కోపమొచ్చింది. "నువ్వు ఊళ్ళో ఇల్లు కట్టినప్పుడు మార్బుల్ వేయించావు గదా బావా. అప్పుడు ఆ రాయి ఏ గోతి నుంచి వచ్చిందని అడిగినావా?" అన్నాడు. అడగలేదు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

కానీ అతను ఊరుకోలేదు. వారం తిరిగేసరికి పిన్నిని కలిశాడు. ఆవిడ గని వద్దనలేదట. "బోరు ఎండితే ఎవర్ని అడగాలో ముందే కాగితం మీద రాసిచ్చి తవ్వుకోండి నాయనా" అందట. నా ఐదు ప్రశ్నలకన్నా ఆ ఒక్క మాట బరువైనది.

నేనింకా డబ్బు పంపలేదు. వాళ్ళింకా లీజు మీద సంతకం చేయలేదు. పిన్ని చేనులో వాడకంలో లేని పాత బోరు ఒకటుంటే, మా బావమరిది ప్రతి గురువారం సాయంత్రం అందులోకి తాడు వదిలి నీళ్ళెంత లోతున ఉన్నాయో కొలుస్తున్నాడు. శుక్రవారం పొద్దున ఫోన్ మోగుతుంది. ఇప్పుడు క్షేమ సమాచారాల కన్నా ముందు వినిపించేది ఆ కొలతే.