చిరునామా ఎవరి నడుగవలెను?

క్రొత్త పట్టణమునకు పోయినవాడు రైలు దిగగానే చేయు మొదటి పని యేది? తాను చేరవలసిన ఇంటి దారి నెవరినైనను అడుగుట. రిక్షావాని నడుగవచ్చును; కిళ్లీకొట్టువాని నడుగవచ్చును. ఆ చెప్పువాడు తెలిసినవాడును మంచివాడును ఐనచో తిన్నగా ఇల్లు చేరుదుము. తెలియనివాడైనచో కాళ్లు నొచ్చును. దుష్టుడైనచో చేతిసంచి పోవును. ఇంకొక సంగతి గూడ గలదు. మన మెవరి ఇంటికి పోవుచున్నామో దారి చెప్పినవానికి తెలిసిపోవును. ఈ కడపటి సంగతిని మనము సాధారణముగా తలపము.

అంతర్జాలమునందును ఇట్లే జరుగుచున్నది. విద్యార్థులారా! మీరు ఫోనులో ఒక వెబ్‌సైటు పేరు వ్రాసి నొక్కినంతనే పుట తెరచుకొనును. నడుమ జరిగిన పని మీ కంటికి కానరాదు. కంప్యూటర్లు ఒకదాని నొకటి పేర్లతో గాక సంఖ్యలతో గుర్తించును. కావున ఆ పేరుగల కంప్యూటరు సంఖ్య యేదో ముందుగా ఎవరినో అడిగి తెలిసికొనవలెను. పేరును సంఖ్యగా మార్చి చెప్పు ఈ ఏర్పాటునకు డొమైన్ నేమ్ సిస్టమ్ అని పేరు. పొడి అక్షరములలో డి.ఎన్.ఎస్. అందురు.

మొదట ఈ ఏర్పాటు లేదు. 1970 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని ఆర్పానెట్ అను వలలో నున్న కంప్యూటర్లు కొలదియే. వాని పేర్లను, సంఖ్యలను ఒకే జాబితాగా వ్రాసి కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఉంచెడివారు. ఎలిజబెత్ ఫైన్లర్ అను విదుషి ఆ పనిని నడపెను. ఊరిలోని ఇండ్లన్నియు ఒక్క కరణముగారి చిట్టాలో నున్నట్లు ఆ వలలోని కంప్యూటర్లన్నియు ఆ యొక్క జాబితాలో నుండెను. ఊరు చిన్నదిగా నున్నంతకాలము చిట్టా చాలును. కంప్యూటర్లు పెరిగినకొలది దానిని దిద్దుటయు, అందరును మరల మరల దానిని తెచ్చుకొనుటయు భారమయ్యెను. 1983లో పాల్ మోకాపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు ఆ భారమును పలువురకు పంచు పద్ధతిని రచించెను. దానినే నేటికిని వాడుచున్నాము.

ఆ పద్ధతి చూడ ముచ్చటగా నుండును. అన్నిటికిని పైన 13 పేర్లతో మూలస్థానములు గలవు. ఒక్కొక్క పేరుతో పలుదేశములలో అనేక యంత్రములు పనిచేయుచున్నవి. ‘ఇన్’ అను తోకగల పేరు కావలెనన్నచో, ఆ తోకను చూచువా రెవరో మూలస్థానము చెప్పును. వారి నడిగినచో ఆ సంస్థ పేరును చూచువారిని చూపుదురు. వారు కడపటి సంఖ్యను చెప్పుదురు. ఇన్ని గడపలు మనకు బదులుగా ఎక్కి దిగు యంత్రము వేరొకటి యున్నది. దానిని చిరునామా సేవ యందము. ఒకసారి తెలిసికొన్న సంఖ్యను అది కొంతసేపు జ్ఞాపకముంచుకొని, మరల అడిగినవారికి వెంటనే చెప్పును.

మన ఇంట ఈ సేవ నెవరు చేయుచున్నారు? మన మెన్నుకొనకున్నచో సాధారణముగా మనకు అంతర్జాలము నిచ్చు సంస్థయే చేయును. చాలమందికి ఈ సంగతియే తెలియదు. నాకును తెలియదు. కొన్నేండ్ల క్రిందట తెలిసికొనవలసివచ్చెను.

ఆ దినమున పింఛను పడినదో లేదో చూచుటకై బ్యాంకు వెబ్‌సైటు పేరును నేనే స్వయముగా, ఒక్క అక్షరమైనను తప్పకుండ వ్రాసితిని. పుటకు మారుగా ఎఱ్ఱని హెచ్చరిక వచ్చెను. ఈ స్థలము తన గుర్తింపును రుజువుపరచలేకున్నదని దాని భావము. ‘అయినను ముందుకు పొమ్ము’ అను మాట యొకటి క్రింద నుండెను. దానిని నొక్కబోవుచుండగా తొమ్మిదవ తరగతి చదువుచున్న నా మనుమరాలు చేయి పట్టుకొనెను.

“తాతయ్యా, నొక్కకండి. పేరు సరిగానే వ్రాశారు. దారి చెప్పినవాళ్లే తప్పు చెప్పినట్లున్నారు” అనెను.

ఇద్దరమును ఇంటి రూటరు తెరచి చూచితిమి. చిరునామా సేవకై వ్రాసియున్న సంఖ్యలు మాకు అంతర్జాలము నిచ్చు సంస్థవి కావు. ఎవరో మార్చియుండిరి. మార్చుట కష్టమును గాదు. రూటరు బిగించిననాటి సంకేతపదమే నాటికిని దానికి కావలియుండెను. పిల్లల లెక్కలను ఒకటికి రెండుమార్లు సరిచూచుకొమ్మని ముప్పదియైదేండ్లు చెప్పినవాడను, ఆ తాళమును ఒక్కమారైనను సరిచూడనైతిని. బ్యాంకునకు స్వయముగా పోయి విచారించితిని. సొమ్ము భద్రముగనే యుండెను.

ఇట్టి మోసము మా ఇంటితో పుట్టినది కాదు. డి.ఎన్.ఎస్. ఛేంజర్ అను దుష్ట ప్రోగ్రాము నూరింటికి పైగా దేశములలో దాదాపు 40 లక్షల కంప్యూటర్లలో చేరి, వాని చిరునామా సేవను రహస్యముగా మార్చివేసెను. జనులు ఒకచోటికి పోగోరిన వేరొకచోటికి పోవుచుండిరి. ప్రకటనల రూపమున దొంగలకు కనీసము 1 కోటి 40 లక్షల డాలర్లు ముట్టెను. 2011 నవంబరులో ముఠా పట్టువడినది. అప్పుడొక చిక్కు వచ్చినది. దొంగ సేవను ఆపివేసినచో దానిని నమ్ముకొన్న కంప్యూటర్లన్నిటికిని దారి మూసికొనిపోవును. అందుచేత న్యాయస్థానము ఆజ్ఞపై ఆ స్థానమున మంచి యంత్రముల నుంచి, 2012 జూలై 9 వరకు నడపిరి.

ఇక ఎన్నిక మాట. ఎవరైనను ఉచితముగా వాడదగిన సేవలు కొన్ని గలవు. గూగుల్ సంస్థ 2009లో ప్రారంభించిన దాని సంఖ్య 8.8.8.8. క్వాడ్ నైన్ అను లాభాపేక్షలేని సంస్థ 2017లో 9.9.9.9 అను సంఖ్యతో వెలసినది. 2021లో స్విట్జర్లాండునకు తరలినది. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థవారి 1.1.1.1 అను సేవ 2018లో వచ్చినది.

వీనిలో వేగవంతమైన దేది యని పిల్లలు మొదట నడుగుదురు. నా దృష్టిలో ఇది కడపట నడుగవలసిన ప్రశ్న. మనకు దగ్గరలో నున్నది త్వరగా బదులు చెప్పును. ఒకప్పుడు మన సంస్థవారి సేవయే అన్నిటికంటె దగ్గర కావచ్చును. మనుమరాలు మా ఇంట కొలువగా ఒకటి 8 మిల్లీసెకండ్లలోను, మరియొకటి 22 మిల్లీసెకండ్లలోను బదులిచ్చెను. కనురెప్ప ఒకసారి వాల్చుటకు 100 మిల్లీసెకండ్లకు పైగా పట్టును. పైగా ఇది దారి యడుగుటలోని వేగమే గాని నడకలోని వేగము గాదు. చిరునామా సేవను మార్చినంతమాత్రమున పెద్ద చలనచిత్రము దిగుటకు పట్టు కాలము సాధారణముగా తగ్గదు. పాత సేవ మరీ మందకొడిగా నున్నచో మాత్రము పుటలు చుఱుకుగా తెరచుకొనుట మీకు తెలియును.

గోప్యత యట్లు కాదు. పాత పద్ధతిలో మన ప్రశ్న తపాలా కార్డువలె పోవును. దారిలో దానిని పట్టుకొన్న ప్రతివాడును చదువవచ్చును. ఒక ఇంటివారు ఏ వ్యాధిని గూర్చి, ఏ అప్పును గూర్చి, ఏ ఉద్యోగమును గూర్చి వెదకుచున్నారో ఆ కార్డుల వలన ఊహింపవచ్చును. ఆ కార్డును కవరులో పెట్టి అంటించినట్లు సంకేతలిపిలో పంపు పద్ధతులు 2016లో ఒకటియు, 2018లో ఒకటియు ప్రమాణములుగా వెలువడినవి. పై మూడు సేవలును వీనిని అంగీకరించును. కాని కవరు విప్పి చదువువా డొకడు ఉండనే యున్నాడు. వాడే మన మెన్నుకొన్న సేవ. కావున నమ్మకము పోలేదు, ఒకరినుండి ఇంకొకరికి మారినది. అడిగినవారి సంఖ్యను నమోదు చేయమని క్వాడ్ నైన్ వారు ప్రకటించియున్నారు. గూగుల్ వారు దానిని ఒకటి రెండు దినములు మాత్రమే ఉంచెదమని చెప్పుచున్నారు. ఇంకొక మాట. చిరునామా అడుగుట రహస్యమైనను, మన మే సంఖ్యకు పోవుచున్నామో అంతర్జాలము నిచ్చు సంస్థకు కనబడుచునే యుండును.

భద్రతకు వచ్చునప్పటికి డాన్ కామిన్‌స్కీ పేరు చెప్పక తప్పదు. చిరునామా సేవ బదులుకై వేచియున్నపుడు దొంగ తప్పుడు బదులును ముందుగా పంపి నమ్మింపవచ్చునని 2008లో ఆయన కనుగొనెను. నమ్మిన సేవ దానిని జ్ఞాపకముంచుకొని అడిగినవారి కెల్ల చెప్పును! ఆయన దానిని వెంటనే చాటింపక, ముందుగా సంబంధించిన సంస్థలకు రహస్యముగా తెలిపి, అందరును ఒక్కసారి మరమ్మతు చేయునట్లు చూచెను. బదులుపై సంతకమును సరిచూచు పద్ధతి 2010లో మూలస్థానములలో అమలునకు వచ్చినది. పై మూడు సేవలును ఆ సంతకమును సరిచూచును. అయితే సంతకము లేని పేర్లు ఇంకను అనేకము గలవు. మోసపు స్థలములని తెలిసిన పేర్లకు బదులీయకుండుట క్వాడ్ నైన్ ప్రత్యేకత. క్లౌడ్‌ఫ్లేర్ వారును 2020లో ఇట్టి పనికై 1.1.1.2 అను సంఖ్యను, పెద్దల విషయములను గూడ ఆపుటకై 1.1.1.3 అను సంఖ్యను ఏర్పరచిరి. ఈ వడపోతలో ఒక్కొక్కప్పుడు మంచి స్థలమును ఆగిపోవును.

మా ఇంట క్వాడ్ నైన్ ఉంచితిమి. క్లౌడ్‌ఫ్లేర్ చుఱుకైనదని మనుమరాలి వాదము. పింఛను నాది గనుక నా మాట చెల్లినది. మార్చునపుడు రెండు తప్పులు చేసితిమి. రూటరులో మొదటి గడియందు 9.9.9.9, రెండవ గడియందు 8.8.8.8 వ్రాసితిమి. అట్లు వ్రాసినచో యంత్రము రెండవవాని నడిగినపు డెల్ల వడపోత తప్పిపోవును. రెండును ఒకే సేవవై యుండవలెను. క్వాడ్ నైన్ రెండవ సంఖ్య 149.112.112.112. రూటరులో సంఖ్య మార్చినంతనే కవరు అంటినదని తలచుట రెండవ తప్పు. మా రూటరు కార్డులనే పంపుచుండెను. ఆండ్రాయిడ్ 9 మొదలుకొని ఫోనులలో ‘ప్రైవేట్ డి.ఎన్.ఎస్.’ అను అమరిక గలదు. అందులో సంఖ్యకు బదులు సేవ పేరును వ్రాయవలెను. అది చేసినపిమ్మట ఫోనునకు కవరు దక్కినది.

రూటరు సంకేతపదమును అంతకుముందే మార్చితిమి. ఆ రెండు సంఖ్యలను అట్టముక్కపై వ్రాసి గోడపంచాంగము ప్రక్కన అంటించితిని. ప్రతినెల పింఛను పడు దినమున మనుమరాలు రూటరు తెరచి సంఖ్యలను చదువును. నేను అట్టముక్క చూచి సరిచూచుకొందును.