షేక్ చినమౌలానా సాహెబు గారి నాద సాధన

కళలకు కులమతాల ఎల్లలు లేవన్న మాట సభలలో తరచుగా వినిపిస్తుంది. ఆ మాటను తమ జీవితంలో నిజం చేసి చూపినవారు అందుకై ఎంత శ్రమించారో మనం అంతగా విచారించం. ఇంట ఉర్దూ మాట్లాడుతూ, తరగతిలో తెలుగు అభ్యసించే మన విద్యార్థులకు నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా సాహెబు గారి జీవితాన్ని పరిచయం చేయడం సముచితమని భావిస్తున్నాము.

నేటి ప్రకాశం జిల్లాలో ఒంగోలు సమీపాన గల కరవది వారి స్వగ్రామం. 1924లో జన్మించారు. తరతరాలుగా నాదస్వరమే వృత్తిగా గల ముస్లిం కుటుంబం వారిది. తొలి గురువు తండ్రి ఖాసిం సాహెబు గారే. ఆపైన ఆదం సాహెబు గారి వద్ద శిక్షణ పొందారు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో దేవాలయ ఉత్సవాలకు, వివాహాలకు ముస్లిం విద్వాంసులు నాదస్వరం వాయించడం అనాదిగా వస్తున్న ఆచారం.

నాదస్వరం సులభంగా లొంగే వాద్యం కాదు. పొడవైన కొయ్య గొట్టానికి ఏడు వ్రేళ్ల రంధ్రాలు, కొసన రెల్లుజాతి గడ్డితో చేసిన చిన్న పీక ఉంటాయి. స్వరాల మధ్యనుండే సూక్ష్మ భేదాలను పెదవుల ఒత్తిడితోను, శ్వాస నియమంతోను పలికించవలసిందే. ఆరుబయట, డోలు మోతకు దీటుగా గంటల తరబడి వాయించడానికి దేహబలం కూడ అవసరం.

ఆంధ్రదేశంలో పేరు గడించిన పిదప కూడ చినమౌలానా గారికి తృప్తి కలుగలేదు. తంజావూరు సంప్రదాయంలో రాగాలాపనకు గల విస్తృతి వారిని ఆకర్షించింది. ఆ బాణీకి మకుటాయమానులైన టి.ఎన్. రాజరత్నం పిళ్లె గారి వాద్యం వారికి ఆదర్శమైంది. అప్పటికే విద్వాంసులై ఉండి కూడ, తమిళదేశం వెళ్లి నాచ్చియార్‌కోవిల్ రాజం, దురైకణ్ణు పిళ్లె సోదరుల వద్ద తిరిగి శిష్యులుగా చేరారు. తెలిసినదానిని ప్రక్కన పెట్టి మరల మొదటి పాఠానికి కూర్చోగలగడం సామాన్యమైన వినయం కాదు.

ఆ తరువాత వారు శ్రీరంగంలో స్థిరపడ్డారు. తమ మతాన్ని విడువక, రంగనాథుని సన్నిధిలో భక్తితో నాదార్చన చేశారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు లభించాయి. 1982లో శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమాన్ని స్థాపించి విద్యాదానం చేశారు. 1999లో పరమపదించారు. మనుమలు ఖాసిం, బాబు గారలు ఆ బాణీని కొనసాగించారు. శిష్య దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ గారలకు 2020లో పద్మశ్రీ లభించింది.

ఇక్కడ మనకు ప్రత్యేకంగా గమనించదగిన అంశం ఒకటున్నది. త్యాగరాజస్వామి కృతులలో అధిక భాగం తెలుగే. నాదస్వరం మాటలను పలుకదు. అయినను సాహిత్యం తెలియనివాడు పదాన్ని ఎక్కడ విరవాలో, శ్వాసను ఎక్కడ తీసికోవాలో ఎరుగడు. కనుక ఆ వాద్యకారునికి భాషాజ్ఞానం అలంకారం కాదు, అత్యవసరం.

"మీకు తెలుగు ఎందుకు?" అని మన పిల్లలను బయటివారు ప్రశ్నిస్తుంటారు. ఒక్కొక్కప్పుడు ఇంటివారే ప్రశ్నిస్తారు. జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుండి హిందువులు, ముస్లిములు కలిసి తరలివస్తారు. గంధం ఊరేగింపులో ఇరువురూ నడుస్తారు. అక్కడ ఎవరినీ ఎవరూ ఎందుకు వచ్చారని అడుగరు. భాష విషయంలోను, కళ విషయంలోను ఆ ప్రశ్న అక్కరలేదు.

ఉర్దూ మన ఇంటి వెలుగు. తెలుగు మనం పుట్టిన నేల పలుకు. చినమౌలానా గారు తమ హక్కును వాదించి పొందలేదు, సాధనతో సంపాదించారు. విద్యార్థులు ఏ విద్యను చేపట్టినా ఆ సాధనను ఆదర్శంగా గ్రహింతురుగాక అని ఆకాంక్షిస్తున్నాము.