గుడ్డు, ఆవిరి, స్టీలుపాత్ర

ఏ.ఎస్. రావు నగర్ ప్రధాన వీథిలో ఉన్న ఒక పాత్రసామాను దుకాణానికి ఆ మధ్య ఒక సాయంకాలం వెళ్లాను. మా అమ్మకు పళ్లు సరిగా లేవు. నూనెలో వేయించిన అట్టు ఆమెకు సరిపడదు. గుడ్డును మెత్తగా ఆవిరిమీద ఉడికించే స్టీలుపాత్ర ఒకటి కొనాలని నా ఉద్దేశం. దుకాణదారు ఒక పాత్రను తీసి, దానికి అయస్కాంతాన్ని ఆనించి చూపించారు.

“చూడండి సార్, అంటుకోవడం లేదు. అసలైన స్టీలు ఇదే. అంటుకుంటే మాత్రం అది ఇనుము కలిపిన నకిలీ సరుకు!”

పక్కన తండ్రితో వచ్చి నిలబడిన ఒక హైస్కూలు విద్యార్థి వెంటనే, “అంకుల్, స్టీలంటేనే ఇనుము కదా? మరి అంటుకోకపోవడమే విడ్డూరం కాదా?” అని అడిగాడు. దుకాణదారు నవ్వి ఊరుకున్నారు. కాని ఆ పిల్లవాడి ప్రశ్న చాలా మంచి ప్రశ్న. దానికి సమాధానం వెదికితే ఒక చిన్న వంటపాత్రలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, లోహశాస్త్రం మూడూ కలిసి కనబడతాయి.

ఇడ్లీపాత్రకు తమ్ముడు

ఈ పాత్రను చూడనివారికి దాని స్వరూపం ఇడ్లీపాత్ర ద్వారా తేలికగా తెలుస్తుంది. వెడల్పాటి, లోతు తక్కువైన గిన్నె. దానిలో ఒక చిల్లుల పళ్లెం. ఆ చిల్లులలో కూర్చునే చిన్న గిన్నెలు సాధారణంగా నాలుగు. పైన మూత. అడుగున కొద్దిగా నీరు పోసి, చిన్న గిన్నెలలో పెంకు తీసిన గుడ్డు వేసి, మూతపెట్టి పొయ్యిమీద ఉంచుతారు. ఇడ్లీపిండికి బదులు గుడ్డు, అంతే తేడా. పాశ్చాత్య దేశాలలో గుడ్డును తిన్నగా వేడినీటిలోకే జార్చి ఉడికించడం పాత పద్ధతి. దానికి గుడ్డు బాగా తాజాగా ఉండాలి. నిలవ ఉన్న గుడ్డులో తెల్లసొన పలచబడి, నీటిలో పోగులు పోగులుగా చెదిరిపోతుంది. గిన్నెలున్న పాత్రలో ఆ బాధ లేదు.

గుడ్డు ఎందుకు గట్టిపడుతుంది?

నీటిని కాచితే ఆవిరి అవుతుంది. నేతిని కాచితే కరుగుతుంది. గుడ్డు మాత్రం కాచినకొద్దీ గట్టిపడుతుంది. ఎందుచేత?

తెల్లసొనలో దాదాపు 88 వంతులు నీరే. సుమారు 10 వంతులు మాంసకృత్తులు. మాంసకృత్తి అణువు ఒక పొడవైన గొలుసు. అది పచ్చిగుడ్డులో దారపు ఉండవలె చుట్టుకొని ఉంటుంది. ఉండలు ఒకదానినొకటి తగులుకోకుండా నీటిలో తేలుతూ ఉంటాయి. అందువలననే పచ్చి తెల్లసొన పారదర్శకంగా, జారుగా ఉంటుంది. వేడి తగిలినప్పుడు ఉండలు విచ్చుకుంటాయి. విచ్చుకున్న దారాలు పరస్పరం చిక్కుపడి వల అల్లుకుంటాయి. నీరు ఆ వల కన్నులలో బందీ అవుతుంది. వెలుతురును ఆ వల చెదరగొడుతుంది కనుక సొన తెల్లగా కనబడుతుంది.

అన్ని మాంసకృత్తులూ ఒకే వేడికి విచ్చుకోవు. తెల్లసొన 62 సెంటీగ్రేడు డిగ్రీల ప్రాంతంలో చిక్కబడటం ఆరంభిస్తుంది. పచ్చసొన సుమారు 65 డిగ్రీల వద్ద చిక్కబడి, 70 డిగ్రీల ప్రాంతంలో గట్టిపడుతుంది. తెల్లసొనలో సగానికి పైగా ఉండే ఆల్బుమిన్ అనే ముఖ్య మాంసకృత్తి 80 డిగ్రీలు దాటితేగాని పూర్తిగా పేరుకోదు. మరీ ఎక్కువసేపు ఉడికిస్తే వల బిగుసుకొని నీటిని బయటకు పిండివేస్తుంది. గుడ్డు రబ్బరువలె అయిపోతుంది.

ఆవిరి చేసే పని

పాత్రలో నీరు మరుగుతున్నంతసేపు మంట ఎంత పెంచినా లోపలి వేడి మరుగుస్థానాన్ని దాటదు. సికిందరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగితే వాయుపీడనం తగ్గుతుంది. ప్రతి 300 మీటర్లకు మరుగుస్థానం ఇంచుమించు ఒక డిగ్రీ పడిపోతుంది. కనుక మన ఊళ్లో నీరు 98 డిగ్రీల వద్దనే మరుగుతుంది. మంట పెంచితే త్వరగా ఇగిరేది నీరే గాని, త్వరగా ఉడికేది గుడ్డు కాదు.

ఆవిరి చల్లని గిన్నెను తాకి నీరుగా మారేటప్పుడు ఒక్కొక్క గ్రాముకు సుమారు 540 కెలోరీల గుప్తోష్ణాన్ని వదలుతుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. గుడ్డులోని సొన 50 గ్రాములు అనుకుందాం. దాని వేడిని 25 నుంచి 75 డిగ్రీలకు పెంచడానికి ఇంచుమించు 2,000 కెలోరీలు కావాలి. 2,000ను 540తో భాగిస్తే సుమారు 4 గ్రాములు! ఒక చెంచా నీటికన్న తక్కువ ఆవిరి ఒక గుడ్డును ఉడికించగలదన్నమాట. పాత్రలో అంతకన్న ఎక్కువ నీరు పోయడం ఎందుకంటే, పాత్ర వేడెక్కడానికి కొంత ఆవిరి ఖర్చవుతుంది; మూతసందుల గుండా మరికొంత పోతుంది.

మూత అవసరం కూడా ఇందులోనే ఉంది. మూత లేకపోతే గిన్నె అడుగు వేడెక్కుతుంది గాని, గుడ్డు పైభాగం గాలికి చల్లబడుతూనే ఉంటుంది. అడుగు బిరుసెక్కినా పైన పచ్చిగానే మిగులుతుంది.

తుప్పు పట్టని ఉక్కు

ఇక పాత్ర లోహం. ఇనుముకు క్రోమియం తగినంత కలిపితే అది తుప్పును తట్టుకుంటుంది. ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ 1913లో దాదాపు 13 శాతం క్రోమియంగల ఉక్కును తయారుచేసి, కత్తులకు అది పనికివస్తుందని గుర్తించాడు. ఆ కాలంలోనే జర్మనీలో క్రోమియంతోబాటు నికెలుకూడ కలిపిన ఉక్కును రూపొందించారు. నేటి స్టీలుపాత్రలు ఆ వంశానికి చెందినవే.

క్రోమియం గాలిలోని ఆమ్లజనితో, అంటే ప్రాణవాయువుతో, కలిసి ఉక్కుపైన ఒక పొరను ఏర్పరుస్తుంది. దాని మందం మిల్లీమీటరులో పదిలక్షల వంతులలో రెండు మూడు వంతులు మాత్రమే. కంటికి కనబడని ఈ పొరే పాత్రకు కవచం. గీత పడితే గాలి తగిలి మళ్లీ దానంతటదే పూడుకుంటుంది. ఉప్పులోని క్లోరైడు మాత్రం దీనికి శత్రువు. అది పొరను అక్కడక్కడ తొలిచి సూదిమొన వంటి గుంటలు చేస్తుంది.

ఏ.ఎస్. రావు నగర్ వాసులకు ఈ లోహం వంటింటికే పరిమితమైన విషయం కాదు. ఈ కాలనీకి పేరునిచ్చిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావుగారు (1914–2003) 1967లో ఇక్కడ ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వ్యవస్థాపకులు. ఆ పొరుగుననే ఉన్న న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్సులో అణు ఇంధనంతోబాటు అతుకులేని స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలు కూడా తయారవుతాయి. ఆ గొట్టాన్ని, మన పాత్రను కాపాడేది ఒకే క్రోమియం పొర.

అయస్కాంతం చెప్పేది, చెప్పనిది

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్న. ఇనుము అయస్కాంతానికి లొంగడం దాని పరమాణువుల అమరికపై ఆధారపడి ఉంటుంది. నికెలును తగినంత కలిపితే ఆ అమరిక మారుతుంది. ఉక్కు అయస్కాంతానికి అంటదు. 304 రకం ఇటువంటిది. దానిలో సుమారు 18 వంతులు క్రోమియం, 8 వంతులు నికెలు ఉంటాయి. 430 రకంలో 16 నుంచి 18 వంతుల క్రోమియం ఉంటుంది, నికెలు కలపరు. అది అయస్కాంతానికి అంటుతుంది. అయినా అదికూడా నిఖార్సయిన స్టెయిన్‌లెస్ స్టీలే, నకిలీ కాదు.

మరొక చిక్కు చూడండి. 202 రకంలో నికెలును సగానికి తగ్గించి, బదులు మాంగనీసు కలుపుతారు. ఇది చౌక. తుప్పును తట్టుకోవడంలో 304కు కొంచెం దిగువ. కాని ఇదికూడ అయస్కాంతానికి అంటదు! ఇంతేకాక 304 రేకునే లోతైన గిన్నెగా సాగదీస్తే, సాగిన అంచులవద్ద అమరిక కొంత మారి అయస్కాంతం స్వల్పంగా అంటుతుంది. కాబట్టి అయస్కాంత పరీక్షతో మేలురకమో, చౌకరకమో తేల్చలేము. అది కచ్చితంగా చెప్పేది ఒక్కటే: అడుగు గట్టిగా అంటుకుంటే ఆ పాత్ర ఇండక్షన్ పొయ్యికి పనికివస్తుంది.

ఎన్నుకొనే విధం

మూడు పొరల అడుగుగల పాత్రకు వెల ఎక్కువ. అది అవసరమా? స్టీలు వేడిని సరిగా ప్రసరింపజేయదు. అల్యూమినియంతో పోల్చితే సుమారు పదిహేనవ వంతు మాత్రమే. అందుకే రెండు స్టీలు రేకుల మధ్య అల్యూమినియం ఉంచుతారు. వేపుడుకు అది మేలే. కాని మన పాత్రలో నీరే మరుగుతూ వేడిని అంతటా పంచుతుంది. చిన్న గిన్నె రేకు అర మిల్లీమీటరు మందమే ఉంటుంది. వేడిని నిదానింపజేసేది ఆ పలచని రేకు కాదు, సెంటీమీటరుకు మించిన గుడ్డు మందం. కనుక గుడ్లు ఉడికించడానికే అయితే పలచని అడుగు చాలు. అదే పాత్రను వేపుడుకు కూడా వాడదలిస్తే మందపు అడుగు తీసుకోవచ్చు.

చూడవలసినవి వేరే ఉన్నాయి. మూత చక్కగా కూర్చోవాలి. కొంచెం గుమ్మటంగా ఉంటే పేరుకున్న నీరు గుడ్డుపై పడకుండా పక్కకు జారుతుంది. చిన్న గిన్నెల అడుగుకు, పాత్ర అడుగుకు మధ్య ఎడం ఉండాలి. గిన్నెల లోపలివైపు నునుపుగా, మూలలు లేకుండా ఉండాలి. వాటిని విడిగా తీయడానికి చెవులుండాలి. పిడి వేడెక్కనిదై, గట్టిగా బిగించి ఉండాలి. స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు ఐ.ఎస్.ఐ. గుర్తును తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ గుర్తును, ఉక్కు రకాన్ని తెలిపే అంకెను వెదకి చూడండి.

వాడే విధం

గిన్నెలకు లోపల నెయ్యో నూనెయో పలచగా రాయండి. లేనియెడల విచ్చుకున్న మాంసకృత్తులు లోహపు సన్నని గరుకులలో దిగి పట్టుకుంటాయి. నీరు గిన్నెల అడుగుకు కొంచెం దిగువగా ఉండేటట్లు పోసి, ముందు మరగనివ్వండి. గుడ్డును వేరే గిన్నెలో పగలగొట్టి, చెడలేదని చూసుకొని, అప్పుడు చిన్న గిన్నెలో వేయండి. మూతపెట్టి మంట తగ్గించండి. నాలుగైదు నిమిషాలకు తెల్లసొన పేరుకుంటుంది. పచ్చసొన జారుగా ఉంటుంది. ఏడెనిమిది నిమిషాలకు రెండూ గట్టిపడతాయి. మూతను మీ ముఖానికి ఎదురుగా కాక అవతలివైపుకు ఎత్తండి. ఆవిరి నీటికన్న తీవ్రంగా కాలుస్తుంది.

జారు పచ్చసొన రుచిగా ఉంటుందని కొందరికి ఇష్టం. కాని గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు, జబ్బుపడి లేచినవారికి అది ప్రమాదం కలిగించవచ్చు. వారికి పచ్చసొనకూడా గట్టిపడేవరకు ఉడికించే పెట్టాలి. మా అమ్మకు నేను మొదటిరోజు ఐదు నిమిషాలకే తీసి ఇవ్వబోయి, గరిటెతో నొక్కి చూసి మళ్లీ మూతపెట్టాను. మెత్తదనం కోసం కొన్న పాత్ర అయినా, మెత్తదనం వేరు, పచ్చిదనం వేరు.

ఇంకొక తప్పుకూడ చేశాను. చన్నీటిలోనే ఉప్పు వేసి, మిగిలిన నీటిని రాత్రంతా పాత్రలోనే ఉంచాను. వారం గడిచేసరికి అడుగున సన్నని గోధుమరంగు చుక్కలు వచ్చాయి. దుకాణదారును తప్పుపట్టబోయాను. తప్పు నాదే. అడుగున కరగకుండా నిలిచిన ఉప్పు క్రోమియం పొరను తొలిచింది. అసలు ఈ పాత్రలో నీటికి ఉప్పు అవసరమే లేదు. తినేటప్పుడు గుడ్డుపై చల్లుకుంటే చాలు. బోరునీటి వలన ఏర్పడే తెల్లని మచ్చలు వేరు. అవి సున్నపు లవణాలు. కాస్త నిమ్మరసంతో గాని వెనిగర్‌తో గాని పోతాయి. ఇనుప పీచుతో మాత్రం తోమవద్దు. దాని తునకలు పాత్రకు అంటుకొని అవే తుప్పు పడతాయి.

తరగతిలో చేయదగిన ప్రయోగం

ఈ పాత్ర లేకపోయినా ఉపాధ్యాయులు ఒక సులభ ప్రయోగం చేయించవచ్చు. రెండు సమానమైన గిన్నెలు, రెండు చిన్న స్టీలు గిన్నెలు, వాటిని నిలబెట్టడానికి రెండు కుదుళ్లు చాలు. రెండింటిలో సమానంగా నీరు మరిగించి గుడ్లు ఉంచండి. ఒకదానికి మూత పెట్టండి, రెండవదానికి వద్దు. నిమిషానికొకసారి గడియారం చూసి, ఏది ఎప్పుడు తెల్లబడిందో విద్యార్థులచేత పట్టిక వ్రాయించండి. మూత ఎత్తి చూసినకొద్దీ ఆవిరి పోతుంది కనుక గాజుమూత అయితే మంచిది. తరువాత ఇంట్లోని స్టీలుసామానుకంతటికీ అయస్కాంతం ఆనించి, అంటేవి, అంటనివి, అంచుల వద్ద మాత్రమే అంటేవి అని మూడు వరుసలుగా వ్రాయమనండి. మూడవ వరుసలోకి వచ్చే గిన్నెలను చూసిన విద్యార్థి, అయస్కాంతం ఒక్కటే పట్టుకొని అసలు, నకిలీ తేల్చేవారి మాటను ఇక తేలికగా నమ్మడు.