అంగడికి ఎంత దూరము?

సిద్దిపేట జిల్లాలో రాయపోల్ అను గ్రామము కలదు. పూర్వమిది మెదకు జిల్లాలోని దౌలతాబాదు మండలమున చేరియుండెను. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడినప్పుడు రాయపోల్ మండల కేంద్రమైనది. ఇట్టి ఊళ్లలో ఉప్పు, పప్పు, నూనె కావలసినచో వాడలోని కిరాణా దుకాణమునకు పోయిన చాలును. పొయ్యిమీద ఎసరు పెట్టి, పిల్లవానిని పంపి చింతపండు తెప్పించుకొను తల్లులును కలరు.

కూరగాయలకు వారపు సంత ఆధారము. తెలంగాణమున దీనిని అంగడి యందురు. చుట్టుపట్ల ఊళ్లలో అంగళ్లన్నియు ఒకేనాడు జరుగవు. ఒకచోట సోమవారమైనచో, వేరొకచోట గురువారము జరుగును. వర్తకులు సరకుతో ఊరూరు తిరుగుదురు. కొనువాడు నడువగల దూరమునకు అమ్మువాడే వచ్చును. అంగడి యేర్పాటులోని మేలు ఇదియే.

నగరములలో ఈ యేర్పాటు తానై కలుగదు. సిద్దిపేట జిల్లాలోని వంటిమామిడి మార్కెట్టునుండి కూరగాయలు లారీలలో హైదరాబాదునకు పోవుచుండును. అంత దూరము సులభముగా సాగిన ప్రయాణము, దుకాణమునుండి ఇంటివరకు గల కొద్ది దూరముననే కష్టమగుచున్నది. ఆరోగ్యవంతుడు 400 మీటర్లు అయిదు నిమిషములలో నడచును. దుకాణము రెండు కిలోమీటర్ల దూరమున నున్నచో రాకపోకలకు సుమారు గంట పట్టును. బరువైన సంచి మోయు వృద్ధురాలికి ఇంకను ఎక్కువ కాలము కావలెను.

కారు గలవాడు నెలకు సరిపడు సరకు నొక్కసారి తెచ్చుకొనును. కూలివాడు ఏనాటి కూలితో ఆనాటి సరకు కొనును. కావున అతడు పలుమారులు పోవలసి వచ్చును. ఆటో యెక్కినచో, కొన్న కూరలకంటె కిరాయియే ఎక్కువ కావచ్చును. ఈ విధముగా దుకాణము దూరమైనకొలది పేదవాని తిండి ప్రియమగును.

ఈ విషయమును నగర నిర్మాతలు చాలకాలము క్రిందటనే గుర్తించిరి. అమెరికా దేశీయుడైన క్లారెన్స్ పెర్రీ 1929లో ఒక పథకమును ప్రకటించెను. దాని ప్రకారము పేటకు నడుమ పాఠశాల యుండవలెను. అంచులందలి కూడళ్లలో దుకాణము లుండవలెను. అన్నియు నడచి చేరదగిన దూరములో నుండవలెను.

మన ప్రాంతమున 1999 జనవరి 26న రైతుబజారులు ప్రారంభమైనవి. దళారుల ప్రమేయము లేక రైతులే కూరగాయల నమ్ముకొనుటకు ఇవి యేర్పడినవి. హైదరాబాదులో మెహదీపట్నము, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి మొదలగు చోట్ల ఇవి నెలకొన్నవి. కాని విశాలమైన నగరములో కొన్ని బజారులు అందరి యిండ్లకును చేరువ కాజాలవు.

2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు ఈ సంగతి స్పష్టమైనది. నిత్యావసరములకై మూడు కిలోమీటర్లు దాటి పోరాదని తెలంగాణ ప్రభుత్వము ఆంక్ష విధించెను. అప్పుడు వాహనములపై సంచార రైతుబజారులు పేటలకు వచ్చినవి. అమ్మువాడు కొనువానికడకు వచ్చు పాత అంగడి పద్ధతియే నగరమునకు అక్కరకు వచ్చెను.

తోపుడు బండ్లవారు నిత్యమును చేయు పని యిదియే. వారి జీవనమునకు రక్షణ కల్పించుచు 2014లో వీధి విక్రేతల చట్టము వచ్చెను. అయితే దుకాణము దగ్గర నున్నంతమాత్రమున చాలదు. నడుమ రహదారి వెడల్పుగా నుండి, దాటుటకు వీలు లేనిచో, ఎదుటి దుకాణమును దూరమే యగును. కాలిబాటలు, నీడనిచ్చు చెట్లు, భయములేక రోడ్డు దాటు తావులు నుండవలెను.

పెద్ద భవనములు, వేగముగా పోవు వాహనములు నగరమునకు శోభ నీయవచ్చును. కాని ఎనిమిదేండ్ల బాలికయు, డెబ్బదియేండ్ల అవ్వయు ఒంటరిగా నడచిపోయి, పావుకిలో పప్పు కొని, క్షేమముగా ఇల్లు చేరగలిగిన పేటయే నివాసయోగ్యమైనది.